కొత్త నాయకత్వ బాధ్యతలో తొలి ఆరు నెలలు: ఎగ్జిక్యూటివ్ కోచింగ్‌ను ఎలా ఎంచుకోవాలి, ఎలా వాడుకోవాలి

బెంగళూరు అవుటర్ రింగ్ రోడ్డు వెంట ఉన్న ఏ టెక్ పార్కులోకి వెళ్లినా, పదేళ్లు కోడ్ రాసి, మరో నాలుగైదేళ్లు ఒక బృందాన్ని నడిపి, ఈ మధ్యనే డైరెక్టర్‌గానో సైట్ హెడ్‌గానో బాధ్యత తీసుకున్న తెలుగువారు కనిపిస్తారు. దేశంలో విదేశీ కంపెనీల గ్లోబల్ కేపబిలిటీ సెంటర్లు, అంటే ఆ కంపెనీలు తమ పనుల కోసం ఇక్కడ సొంతంగా నడిపే కేంద్రాలు, అన్నింటికంటే ఎక్కువగా ఉన్న నగరం ఇదే కాబట్టి, ఇలాంటి పదవులు ఇక్కడ ఏటా పుడుతూనే ఉంటాయి. ఈ పదవుల్లోకి వచ్చిన వారిలో చాలామందికి ఎదురయ్యే ఇబ్బంది ఒకటే. ఏ సమస్య వచ్చినా తానే కూర్చుని తేల్చగలిగే నేర్పు వారిని పైకి తెచ్చింది. పైకి వచ్చాక అదే నేర్పు కింది మేనేజర్ల చేతులు కట్టేస్తుంది, ప్రతి నిర్ణయమూ వారి కేబిన్ ముందు వరుస కడుతుంది.

ఈ సంగతి వారికి చెప్పేవారు ఉండరు. కింద పనిచేసేవారికి మొహమాటం అడ్డు వస్తుంది. కాలిఫోర్నియాలో ఉన్న పై అధికారి పన్నెండున్నర గంటల తేడాతో, శీతాకాలంలోనైతే పదమూడున్నర గంటల తేడాతో, తెర మీద మాత్రమే చూస్తాడు. ఆయనకు ఫలితాలు కనిపిస్తాయి గానీ అవి వచ్చే తీరు కనిపించదు. ఇంట్లోవారికి అలసట మాత్రమే తెలుస్తుంది. కొత్త బాధ్యతలో ఉన్న నాయకుడికి కోచ్ వల్ల కలిగే అసలు ప్రయోజనం ఈ ఖాళీని పూరించడమే. తన పదోన్నతితో గానీ, తన బోనస్‌తో గానీ సంబంధం లేని ఒక మనిషి, పాత అలవాటు కొత్త పదవికి ఎక్కడ అడ్డుపడుతోందో అతనే గమనించేలా ప్రశ్నలు వేయడం, అదీ అలవాటు ముదరకముందే వేయడం. అయితే ఈ ప్రయోజనం కోచ్ పేరుప్రతిష్ఠలను బట్టి దానంతటదే రాదు. ఒప్పందం ఎలా కుదిరింది, లక్ష్యం ఎంత స్పష్టంగా ఉంది, సెషన్‌కూ సెషన్‌కూ మధ్య ఏం జరిగింది అనే మూడింటి మీద అది ఆధారపడుతుంది. కింది అడుగులన్నీ ఈ మూడింటి గురించే.

మొదటి అడుగు: కావలసింది కోచేనా అని తేల్చుకోవడం

కోచింగ్ అన్ని లోట్లకూ మందు కాదు. లాభనష్టాల పట్టిక చదవడం రాని ఇంజనీరింగ్ డైరెక్టర్‌కు కావలసింది శిక్షణ. బన్నేరుఘట్ట రోడ్డులోని ఐఐఎం వంటి సంస్థలు అందించే స్వల్పకాలిక కార్యక్రమం అందుకు సరిపోతుంది. కంపెనీలో ఎవరి మాట చెల్లుతుందో, ఏ ప్రతిపాదనను ముందు ఎవరికి చూపాలో తెలియకపోతే, అదే కంపెనీలో పదేళ్లు గడిపిన ఒక సీనియర్ మెంటర్‌గా దొరకడం మేలు. నిద్ర పట్టకపోవడం, ఉదయం ఆఫీసు పేరు తలచుకుంటేనే గుండె దడ పుట్టడం వారాల తరబడి సాగుతుంటే అది వైద్యుల పరిధిలోని విషయం. మానసిక ఆరోగ్యానికి పేరున్న జాతీయ వైద్య సంస్థ నిమ్‌హాన్స్ ఈ నగరంలోనే ఉంది. 14416 నంబరుతో పనిచేసే ప్రభుత్వ మానసిక ఆరోగ్య ఫోను సేవ టెలి మానస్ తెలుగులో కూడా అందుతుంది. మంచి కోచ్ ఇలాంటి సూచనలు కనబడగానే తన పనిని పక్కన పెట్టి వైద్య సహాయం తీసుకొమ్మని చెబుతారు.

ఇక నాలుగో సందర్భాన్ని చాలామంది గుర్తించరు. పదవి పేరు పెద్దదిగా ఉండి, బడ్జెట్ మీదా నియామకాల మీదా అధికారం మాత్రం అమెరికాలోని మరొకరి చేతిలో ఉంటే, ఆ లోపం నాయకుడి ప్రవర్తనలోది కాదు, పదవి నిర్మాణంలోది. దాన్ని పై అధికారితో కూర్చుని తేల్చుకోవాలి. ఆ సంభాషణకు సిద్ధం కావడానికి కోచ్ తోడ్పడవచ్చు గానీ, ఆ సంభాషణకు బదులుగా కోచింగ్ తీసుకుంటే ఆరు నెలల తర్వాత కూడా పరిస్థితి అక్కడే ఉంటుంది.

“ఏం చేయాలో నాకు తెలుసు, అయినా చేయలేకపోతున్నాను” అనే మాట మీ విషయంలో నిజమైతే, మీకు కావలసింది కోచే. పని అప్పగించాలని తెలిసీ అప్పగించలేకపోవడం, నిన్నటిదాకా పక్క సీటులో కూర్చున్న మిత్రుడికి ఈ రోజు గట్టిగా చెప్పలేకపోవడం, పై స్థాయి సమావేశంలో అభిప్రాయం ఉండీ నోరు విప్పకపోవడం ఈ కోవలోకి వస్తాయి.

రెండో అడుగు: సమయం

వీలైనంత ముందుగా మొదలుపెట్టడం మంచిది. బయటి కంపెనీ నుంచి వస్తున్నవారికి మన ఐటీ రంగంలో సాధారణమైన 90 రోజుల నోటీసు కాలం చివరి నెల ఇందుకు చక్కగా పనికివస్తుంది; పాత పని తగ్గుతుంది, కొత్త ఒత్తిడి ఇంకా మొదలు కాదు. లోపలి నుంచి పదోన్నతి పొందినవారు ప్రకటన వెలువడిన వారంలోనే కంపెనీని అడగవచ్చు.

సంస్థలు తరచుగా చేసే పొరపాటు, పనితీరు చెడిందని తేలాక కోచ్‌ను నియమించడం. అప్పటికి ఆ నియామకాన్ని అందరూ హెచ్చరికగానే చదువుకుంటారు. ఆ నాయకుడు కూడా సెషన్‌లో తనను తాను సమర్థించుకోవడానికే సమయం వెచ్చిస్తాడు. కోచ్ అవసరమనడం చిన్నతనంగా భావించేవారు ఎరిక్ ష్మిట్ ఉదంతం గుర్తు చేసుకోవచ్చు. 2001లో ఆయన గూగుల్ పగ్గాలు చేపట్టే నాటికే నోవెల్ అనే సాఫ్ట్‌వేర్ సంస్థకు సీఈఓగా పనిచేసి ఉన్నాడు. కోచ్‌ను పెట్టుకొమ్మని బోర్డు సభ్యుడు జాన్ డోయర్ సలహా ఇస్తే, తనకేం లోటని మొదట నొచ్చుకున్నాడు. ఆ తర్వాత, ఒకప్పుడు కొలంబియా విశ్వవిద్యాలయ ఫుట్‌బాల్ జట్టుకు శిక్షకుడిగా ఉన్న బిల్ క్యాంప్‌బెల్‌తో ఏళ్ల తరబడి పనిచేసి, తనకు దొరికిన అత్యుత్తమ సలహా అదేనని చెప్పాడు.

మూడో అడుగు: డబ్బు ఎవరిది, రహస్యం ఎవరిది

ఈ అడుగును ఎక్కువమంది ఒక ఈమెయిల్‌తో దాటేస్తారు. నా దృష్టిలో మొత్తం ప్రయత్నంలో అతి ముఖ్యమైనది ఇదే. ఫీజు కంపెనీ చెల్లిస్తుంది, సేవ మీకు అందుతుంది, ఫలితం మీ పై అధికారి కోరుకుంటారు. ముగ్గురి ప్రయోజనాలు ఒకచోట కలిసే ఈ ఏర్పాటులో, ఏ మాట ఎవరి దగ్గర ఆగుతుందో ముందే రాసుకోకపోతే మీరు మొదటి సెషన్ నుంచే జాగ్రత్తగా మాట్లాడతారు. జాగ్రత్తగా మాట్లాడే సెషన్‌కు పెట్టిన డబ్బు వృథా.

అందువల్ల పని మొదలయ్యే ముందు మీరు, మీ పై అధికారి, కోచ్, అవసరమైతే హెచ్‌ఆర్ ప్రతినిధి కలిసి ఒక గంట కూర్చోవాలి. కంపెనీకి ఎన్ని సెషన్లు జరిగాయో, లక్ష్యాలేమిటో, పురోగతి గురించి మీరే స్వయంగా చెప్పే మాటలేమిటో తెలియవచ్చు. సెషన్‌లో మాట్లాడిన విషయాలు మాత్రం బయటికి పోకూడదు. కోచ్ రాసుకునే నోట్సు ఎవరికీ ఇవ్వకూడదనీ, అప్రైజల్‌లో కోచ్ అభిప్రాయం అడగకూడదనీ ఒప్పందంలో ఉండాలి. అదే కోచ్ మీ పై అధికారికో, మీతో సమాన హోదాలో ఉన్నవారికో కూడా కోచింగ్ ఇస్తున్నారా అని సూటిగా అడగండి. పునర్వ్యవస్థీకరణలు ఎప్పుడు వస్తాయో తెలియని కేంద్రాల్లో, మధ్యలో మీ పై అధికారి మారితే ఒప్పందం ఏమవుతుందో కూడా ఒక వాక్యం రాయించుకోవడం మంచిది.

ఇక చట్టపరమైన హద్దులు. న్యాయవాదికి చెప్పుకున్న మాటకు 2023 నాటి భారతీయ సాక్ష్య అధినియమం రక్షణ ఇస్తుంది. కోచ్‌కు చెప్పుకున్న మాటకు అలాంటి రక్షణ లేదు. కోచ్ గోప్యత వృత్తి నియమావళి మీదా, మీ ఒప్పందం మీదా మాత్రమే నిలబడుతుంది. మీది స్టాక్ ఎక్స్ఛేంజీలో నమోదైన కంపెనీ అయితే, ఇంకా ప్రకటించని త్రైమాసిక ఫలితాలు, విలీనాల వంటి సమాచారం సెబీ 2015 ఇన్‌సైడర్ ట్రేడింగ్ నిబంధనల కిందికి వస్తుంది కాబట్టి, సెషన్‌లో అంకెలూ పేర్లూ లేకుండానే మీ ఇబ్బందిని చెప్పడం అలవాటు చేసుకోండి. బృందంలో ఎవరైనా లైంగిక వేధింపుల సంగతి మీ దృష్టికి తెస్తే, దాన్ని కోచ్‌తో చర్చించి ఊరుకోవడం కుదరదు. 2013 చట్టం ప్రకారం ఏర్పడిన అంతర్గత కమిటీ ఉన్నదే అందుకు.

సొంత డబ్బుతో కోచ్‌ను పెట్టుకునేవారికి ఈ చిక్కులు చాలావరకు తప్పుతాయి. చెప్పిన ఫీజులో 18 శాతం జీఎస్టీ కలిసి ఉందో లేదో, ఎన్ని గంటల ముందు చెబితే సెషన్ వాయిదా వేయవచ్చో, మధ్యలో మానుకుంటే మిగిలిన సొమ్ము తిరిగి వస్తుందో లేదో అడిగి తెలుసుకుంటే చాలు.

నాలుగో అడుగు: కోచ్‌ను ఎంచుకోవడం

మన దేశంలో కోచ్ అనిపించుకోవడానికి ప్రభుత్వ లైసెన్సు అక్కర్లేదు. కాబట్టి ప్రొఫైల్‌లో ఆ మాట ఉన్నంత మాత్రాన ఏమీ తేలదు. 1995లో అమెరికాలో ఏర్పడిన ఇంటర్నేషనల్ కోచింగ్ ఫెడరేషన్ ఇచ్చే గుర్తింపు ఒక కొలమానం. ఇందులో మూడు స్థాయిలు ఉన్నాయి. మొదటిదైన ఏసీసీకి (అసోసియేట్ సర్టిఫైడ్ కోచ్) కనీసం 60 గంటల శిక్షణ, 100 గంటల కోచింగ్ అనుభవం కావాలి. పీసీసీకి (ప్రొఫెషనల్ సర్టిఫైడ్ కోచ్) 125 గంటల శిక్షణ, 500 గంటల అనుభవం. ఎంసీసీకి (మాస్టర్ సర్టిఫైడ్ కోచ్) 200 గంటల శిక్షణ, 2,500 గంటల అనుభవం. ఎవరికి ఏ గుర్తింపు ఉందో ఆ సంస్థ వెబ్‌సైట్‌లో సరిచూసుకోవచ్చు. ఈ గుర్తింపు, ఆ వ్యక్తి నేర్చుకుని, సాధన చేసి, ఒక నియమావళికి కట్టుబడి ఉన్నారని మాత్రమే చెబుతుంది. మీకు సరిపడతారా లేదా అన్నది మీరే తేల్చుకోవాలి.

ఇందుకోసం ముగ్గురితో తలా అరగంట మాట్లాడండి. మీరు ఎలాంటివారిని తీసుకోరు, మీ సెషన్ పనిచేయలేదని మీకు ఎలా తెలుస్తుంది, మీ పనిని సమీక్షించే అనుభవజ్ఞులు ఎవరైనా ఉన్నారా అని అడగండి. ఆ అరగంటలో ఎవరు ఎక్కువ మాట్లాడారో గమనించండి. తాను ఉపాధ్యక్షుడిగా ఉన్న రోజుల కథలతో సగం సమయం గడిపినవారు మంచి మెంటర్ కావచ్చు. కోచ్‌గా మాత్రం మీ పరిస్థితికి తన పాత జవాబులే అందిస్తారు. పదోన్నతి ఖాయమని చెప్పేవారినీ, మొదటి మాటలోనే ఒక వ్యక్తిత్వ పరీక్ష కొనిపించబోయేవారినీ మర్యాదగా వదిలేయడమే మేలు. మీ రంగంలోనే పనిచేసిన కోచ్ కావాలని పట్టుబట్టేవారిని తరచూ చూస్తుంటాం. ఇద్దరు ముగ్గురు పై అధికారులకు ఏకకాలంలో జవాబు చెప్పుకోవడం అంటే ఏమిటో తెలిసినవారైతే సరిపోతుంది.

భాష గురించి కొంత ఆలోచించాలి. ప్రణాళికలూ లెక్కలూ ఇంగ్లీషులో ధారాళంగా చెప్పగలిగినవారే, అవమానం, అసూయ, భయం గురించి చెప్పవలసి వచ్చేసరికి ఇంగ్లీషులో తయారుగా దొరికే మాటల వెనుక దాక్కుంటారు. తెలుగు తెలిసిన కోచ్ దొరికితే మనసులోని మాటలు తొందరగా బయటపడతాయి. కానీ తెలుగు కోచ్ మీ ఊరివారో, బంధువుల ద్వారా తెలిసినవారో అయితే ఆ లాభం పోతుంది. రేపు ఏదో పెళ్లిలో ఎదురుపడే మనిషి ముందు ఎవరూ మనసు విప్పరు.

ముఖాముఖి కలవాలా, వీడియో చాలా అన్నది ఈ నగరంలో చిన్న ప్రశ్న కాదు. రెబెకా జోన్స్, ఆమె సహ పరిశోధకులు 2016లో ప్రచురించిన విశ్లేషణలో, పూర్తిగా ముఖాముఖి జరిగిన కోచింగ్‌కూ, ముఖాముఖితో పాటు ఫోను, ఇంటర్నెట్ వంటివి కూడా వాడిన కోచింగ్‌కూ ఫలితాల్లో చెప్పుకోదగ్గ తేడా కనిపించలేదు. కాబట్టి వైట్‌ఫీల్డ్ నుంచి ఎలక్ట్రానిక్ సిటీకి ప్రతి పక్షమూ ప్రయాణం చేయనక్కర్లేదు. మొదటి సెషన్, ముగ్గురూ కలిసే సమావేశం మాత్రం నేరుగా జరిపితే బాగుంటుందని నా అభిప్రాయం. అదే విశ్లేషణలో సంస్థ లోపలి కోచ్‌లతో ఫలితం బయటివారికంటే మెరుగ్గా కనిపించడం ఆసక్తికరం. మీ కంపెనీలో శిక్షణ పొందిన అంతర్గత కోచ్‌లు ఉంటే వారిని తేలిగ్గా తీసుకోకండి. అయితే సైట్ హెడ్ స్థాయిలో ఉన్నవారి మాటలు ఒకే భవనంలో తిరిగే ప్రమాదం ఉంది కాబట్టి, ఆ స్థాయికి బయటివారే నయం.

స్థలం సంగతి కూడా: అద్దాల మీటింగ్ రూము, డ్రైవరు వింటున్న క్యాబు, కోరమంగళలోనో ఇందిరానగర్‌లోనో పక్క టేబుల్ వద్ద మీ రంగంవారే కూర్చునే కాఫీ షాపు సెషన్‌కు పనికిరావు.

ఐదో అడుగు: కంటికి కనిపించే లక్ష్యం

“నాయకత్వ నైపుణ్యాలు మెరుగుపరచుకోవడం” లక్ష్యం కాదు. అది నెరవేరిందో లేదో ఎవరూ చెప్పలేరు. “రెండు లక్షల రూపాయల లోపు ఖర్చుల నిర్ణయాలు మూడు నెలల్లో పూర్తిగా నా కింది మేనేజర్ల వద్దే ముగియాలి”, “వారపు సమీక్షలో నేను చివరగా మాట్లాడాలి” అన్నవి లక్ష్యాలు. అవి జరిగాయో లేదో గదిలో ఉన్న ఎవరైనా చెప్పగలరు. ఇలాంటివి రెండు చాలు, మూడైతే ఎక్కువ.

వీటిని మీరొక్కరే ఊహించుకోకుండా, పదవిలో ఆరు వారాలు గడిచాక, మీతో పనిచేసే ఆరుగురితోనో ఎనిమిది మందితోనో కోచ్ విడివిడిగా మాట్లాడి సారాంశాన్ని పేర్లు లేకుండా మీకు అందించే పద్ధతి మంచిది. అన్ని వైపుల నుంచి మార్కులు వేయించే 360 డిగ్రీల నివేదికను తొలి నెలల్లోనే తెప్పించుకోవడానికి నేను అంత సుముఖంగా లేను. క్లూగర్, డెనిసీ అనే పరిశోధకులు 1996లో వందలాది పరిశోధన ఫలితాలను కలిపి చూసినప్పుడు, ఫీడ్‌బ్యాక్ ఇచ్చిన సందర్భాల్లో మూడింట ఒక వంతుకు పైగా పనితీరు తగ్గినట్టు తేలింది. అంకెల నివేదిక చేతికి వస్తే, ఈ తక్కువ మార్కు వేసినదెవరా అన్న ఆలోచనలోనే వారం గడిచిపోతుంది.

బెంగళూరులోని తెలుగు నాయకుల విషయంలో ఈ మాటామంతీలో బయటపడే అవకాశం ఉన్న ఫిర్యాదు ఒకటి ఉంది. సమావేశంలో ఒక నిర్ణయం జరుగుతుంది. ఆ తర్వాత కారిడార్‌లో ఇద్దరు తెలుగువాళ్లు రెండు నిమిషాలు తెలుగులో మాట్లాడుకుంటారు. సాయంత్రానికి నిర్ణయం మారుతుంది. ఆ రెండు నిమిషాల్లో మాట్లాడుకున్నది క్రికెట్ గురించే కావచ్చు. కన్నడ, తమిళ, హిందీ సహోద్యోగులు మాత్రం నిర్ణయం అక్కడే మారిందనుకుంటారు. మేనేజర్‌గా ఉన్నప్పుడు ఎవరూ పట్టించుకోని ఈ అలవాటు, డైరెక్టర్ అయ్యాక పక్షపాతంగా కనిపిస్తుంది. తెలుగు మానేయమని ఎవరూ అనరు. నిర్ణయం మారితే అది అందరూ ఉన్నచోటే మారాలన్నది ఇక్కడ పెట్టుకోదగ్గ లక్ష్యం.

ఆరో అడుగు: సెషన్ ఎలా సాగుతుంది

రెండు వారాలకు ఒకసారి, గంట నుంచి గంటన్నర వరకు, సుమారు ఆరు నెలలు అన్నది వాడుకలో ఉన్న ఏర్పాటు. చాలామంది కోచ్‌లు జాన్ విట్‌మోర్ ప్రచారంలోకి తెచ్చిన గ్రో క్రమాన్ని ఏదో ఒక రూపంలో అనుసరిస్తారు: ఏం కావాలి, ఇప్పుడున్న స్థితి ఏమిటి, ఏయే దారులున్నాయి, వాటిలో ఏది ఎప్పుడు చేస్తారు. చదవడానికి ఇది మరీ మామూలుగా ఉంటుంది కాబట్టి ఒక కల్పిత ఉదాహరణ తీసుకుందాం. ఒక సీనియర్ డైరెక్టర్‌కు, తనకంటే వయసులో పెద్దవాడైన పాత సహచరుడు ఇప్పుడు రిపోర్ట్ చేస్తున్నాడు. ఆమె ఆయనను పదేళ్లుగా అన్నా అని పిలుస్తోంది. ఆయన బృందం రెండు విడుదలలు ఆలస్యం చేసింది.

“ఈ సంగతి ఆయనతో ఎప్పుడు మాట్లాడదామనుకుంటున్నారు?” అని కోచ్ అడుగుతారు.

“అప్రైజల్‌లో ఎలాగూ చెప్పాలి కదండీ.”

“అప్పటిదాకా చెప్పకపోవడం ఎవరికి సుఖంగా ఉంది?”

కాసేపు ఆగి, “నాకే” అంటుంది ఆమె.

“ఇంట్లో పెద్దవాళ్లకు ఇబ్బందికరమైన మాట చెప్పవలసి వస్తే ఎలా మొదలుపెడతారు?”

“నలుగురిలో అనను. విడిగా కూర్చుని, ఈ విషయంలో నాకు మీ సాయం కావాలి అంటాను. కానీ విషయం దాచను.”

ఆమెకు కావలసిన పద్ధతి ఆమె దగ్గరే ఉంది. ఆఫీసులో దాన్ని వాడవచ్చని తోచలేదు. మిగిలిన సమయంలో ఆమె ఆ మొదటి రెండు వాక్యాలను పైకి అని చూస్తుంది, గురువారం వన్ ఆన్ వన్‌లో మాట్లాడతానని తేదీ పెట్టుకుంటుంది. కోచ్ ఏ సలహా ఇవ్వకుండానే ఇదంతా జరిగిందన్నది గమనించాలి. ఇలాంటి నిజమైన సందర్భాన్ని పట్టుకుని సెషన్‌కు వచ్చినవారికి గంట చాలదు. “ఈ పక్షం అంతా బాగానే ఉంది” అంటూ వచ్చినవారికి అరగంట కూడా ఎక్కువే.

ఏడో అడుగు: సెషన్ల మధ్య రెండు వారాలు

మీరు మార్చుకోదలచిన ఒక అలవాటును మీ బృందానికి ముందే చెప్పండి. మార్షల్ గోల్డ్‌స్మిత్ ప్రచారం చేసిన పద్ధతి ఇందుకు బాగా పనికివస్తుంది. గతంలో ఏం తప్పు చేశానని అడగకుండా, ఇకముందు ఏం చేస్తే బాగుంటుందని అడగాలి. జవాబు విన్నాక వాదించకుండా థాంక్స్ చెప్పి ఊరుకోవాలి. మన ఆఫీసుల్లో “నేనెలా చేస్తున్నాను?” అని అడిగితే “అంతా బాగుంది సార్” అన్న జవాబే వస్తుంది. “వచ్చే సమీక్షలో నేను మానుకోవలసింది ఒక్కటి చెప్పండి” అని అడిగితే చెప్పడానికి వారికి దారి దొరుకుతుంది. మొదటి నెలలో చెప్పేది చిన్న విషయమే అవుతుంది. దాన్ని మీరు నిజంగా పాటించారని చూశాక, రెండో నెలలో అసలు విషయం చెబుతారు.

ప్రతి శుక్రవారం సాయంత్రం పది నిమిషాలు క్యాలెండర్ చూసుకోవడం కూడా మేలు. ఆ వారం మీ దగ్గరికి వచ్చిన నిర్ణయాల్లో మీరు తీసుకోనక్కర్లేనివి ఎన్ని ఉన్నాయో లెక్కపెట్టి, ఆ కాగితాన్నే తదుపరి సెషన్‌కు తీసుకువెళ్లండి.

ఎనిమిదో అడుగు: ఫలితాన్ని చూడటం, ముగించడం

పెట్టిన ప్రతి రూపాయికీ ఇన్ని రూపాయలు తిరిగి వచ్చాయని చెప్పే లెక్కలను నమ్మవద్దు. కొత్త నాయకుడి కేంద్రంలో అట్రిషన్, అంటే ఉద్యోగులు మానేసి వెళ్లిపోవడం, తగ్గితే దానికి కోచింగ్ ఎంత కారణమో, మార్కెట్ మందగించడం ఎంత కారణమో విడదీసి చెప్పగలిగేవారు ఎవరూ లేరు. థీబోమ్, ఆయన సహచరులు 2014లో చేసిన విశ్లేషణలో, సంస్థల్లో జరిగే కోచింగ్ పనితీరు మీద, ఒత్తిడిని తట్టుకోవడం మీద, లక్ష్యం దిశగా తనను తాను నడిపించుకోవడం మీద మంచి ప్రభావం చూపుతుందని తేలింది. మీ విషయంలో అలా జరిగిందో లేదో తెలియాలంటే, మొదట మాట్లాడిన ఆ ఆరుగురినో ఎనిమిది మందినో మూడో నెలలోనూ ఆరో నెలలోనూ అవే రెండు లక్ష్యాల గురించి మళ్లీ అడిగించాలి. మీరు మారానని అనుకోవడంకంటే వారు గమనించారా లేదా అన్నదే లెక్క.

మూడో నెలకు ఏ కదలికా లేకపోతే ఆ మాట కోచ్‌తోనే అనండి. సెషన్లు హాయిగా సాగుతూ, ప్రతిసారీ తేలికపడి బయటికి వస్తూ, ఆఫీసులో మాత్రం ఏదీ మారకపోతే కోచ్‌ను మార్చవలసిన సమయం వచ్చినట్టే. ప్రతి చిన్న నిర్ణయానికీ ముందు కోచ్‌కు వాట్సాప్‌లో సందేశం పెడుతున్నా అంతే. ఆరు నెలల గడువును పొడిగించకండి.

చివరి సెషన్‌కు ముందు మళ్లీ ముగ్గురూ కూర్చున్నప్పుడు పురోగతి గురించి మీరే మాట్లాడండి, కోచ్ చేత మాట్లాడించవద్దు. కోచ్ వద్ద ఉన్న నోట్సును ఏ తేదీలోగా తొలగిస్తారో రాతపూర్వకంగా తీసుకోండి. ఆ తర్వాత మూడు నెలలకు ఒకే ఒక సెషన్ జరిగేలా ముందే తేదీ నిర్ణయించి, దాని ఫీజును కూడా మొదటి ఒప్పందంలోనే కలిపించండి. బడ్జెట్ ముగిశాక ఆ ఒక్క గంటకు హెచ్‌ఆర్ ఆమోదం తెచ్చుకోవడం చాలా కష్టం.